ఐదో లోతులో ముప్పై ఒక్కమంది

మా జిల్లా విద్యా గణాంక కార్యాలయంలో ఉన్న నలభై రెండు మౌస్‌లనూ గోనె సంచిలో వేసి, మూతి కట్టి, లక్క ముద్ర కొట్టి, పంచనామా రాసి స్టోర్‌రూములో పెట్టిన రోజున సాక్షి సంతకం నేనే చేశాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో చాలావాటికి సాక్షి సంతకాలు పెట్టాను గానీ, ఏ పాపమూ ఎరగని సరుకు మీద పెట్టడం అదే మొదలు.

నా పేరు బెహరా వల్లభరావు. సీనియర్ అసిస్టెంటుని. నాకు కోపం ఎక్కువ. అయితే దాన్ని ఆఫీసులో వాడను, భద్రంగా ఇంటికి పట్టుకెళ్తాను. ఈ పద్ధతి గురించి మా ఆవిడకు కొన్ని అభిప్రాయాలున్నాయి. అవి ఇక్కడ అప్రస్తుతం.

మౌస్‌లకు ఆ గతి ఎందుకు పట్టిందంటే, మా ఉపసంచాలకులు త్రివిక్రమప్రసాద్ గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడ ఎవరో మహానుభావుడు నల్లతెర ముందు కూర్చుని, మౌస్ ముట్టకుండా, తెల్లటి అక్షరాలు ఒక్క వరస కొట్టి రాష్ట్రం మొత్తం సమాచారాన్ని తోడి చూపించాడట. అది చూసి వచ్చినప్పటినుంచీ సారుకి నిద్రాహారాలు లేవు.

"ఒక్క లైను వల్లభరావ్! ఒక్కటంటే ఒక్కటి! కిటికీల్లేవు, బొమ్మల్లేవు, రంగుల్లేవు. గర్భగుడిలా ఉందయ్యా ఆ తెర. పరిపాలన అంటే అలా ఉండాలి."

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై సమస్త సమాచారము జేసన్ రూపమునందే భద్రపరచవలెను. సదరు సమాచారమును నల్లతెరపై ఆజ్ఞల ద్వారా మాత్రమే వీక్షించవలెను. మౌస్ కదిలించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును."

జేసన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కంగారుపడకండి, మాకూ తెలియదు. ఆఫీసు మొత్తానికి తెలిసింది మజ్జి రోహిణి ఒక్కదానికే. పదకొండేళ్లుగా ఔట్‌సోర్సింగు ఆపరేటరు. ప్రతి మార్చిలో ఆమె ఉద్యోగం పోతుంది, ప్రతి ఏప్రిల్లో మళ్లీ వస్తుంది. ఆ మధ్యలో కూడా పనికి వస్తూనే ఉంటుంది. సారు ఆమెను పిలిచి అందరికీ బోధించమన్నారు.

"ఏం లేదండి, గిన్నెలో గిన్నె పెట్టినట్టే," అంది రోహిణి. "జిల్లా పెద్ద గిన్నె. దాన్లో మండలాలు. మండలంలో ఊళ్లు, ఊళ్లో బడులు, బడిలో పిల్లలు. ఒక్కో గిన్నెకీ ఇటో బ్రాకెట్టు, అటో బ్రాకెట్టు. జేక్యూ అని చిన్న పనిముట్టుందండి. దాంతో ఏ గిన్నెలోది కావాలన్నా ఇట్టే తీసీవొచ్చు."

అని, ఆ లైనేదో కొట్టింది. రెప్ప వేసేలోగా జిల్లాలో ఉన్న పిల్లకాయల పేర్లన్నీ తెర మీద జలజలా దిగిపోయాయి. మేమంతా "అబ్బో!" అన్నాం. సారు మాత్రం అనలేదు. ఆయన మొహం చూస్తే ఎవరో ఆయన్ని దాటుకుని పంక్తిలో ముందు కూర్చున్నట్టు ఉంది.

"ఆగమ్మా. ఇప్పుడు నువ్వు జిల్లా దగ్గర బయల్దేరి పిల్లల దాకా వెళ్లిపోయావు. దారిలో ఎవరి అనుమతి తీసుకున్నావు?"

"అనుమతా సార్? చుక్క పెట్టి పేరు రాస్తే లోపలికెళ్లిపోతాదండి."

"మండలం దాటావు, ఊరు దాటావు, బడి దాటావు. నేను సర్వీసులో చేరి ముప్పై ఏళ్లయింది తల్లీ, పై ఆర్డరు లేకుండా ఒక్క గుమ్మం దాటలేదు."

అలా పుట్టాయి లోతు నిబంధనలు. వాటి ప్రకారం సమాచారంలో ఎవరు ఎంత లోతుకు దిగవచ్చో హోదాను బట్టి ఉంటుంది. జూనియర్ అసిస్టెంటు మొదటి లోతు, అంటే జిల్లా పేరు చూడవచ్చు. మాకున్నది ఒకటే జిల్లా కనక వాళ్లు రోజూ దాన్నే చూసేవారు. సీనియర్ అసిస్టెంటు రెండో లోతు, మండలాలు. సూపరింటెండెంటు మూడో లోతు, ఊళ్లు. ఉపసంచాలకులు నాలుగో లోతు, బడులు. ఐదో లోతులో పిల్లలున్నారు. దానికి "ప్రత్యేక లోతు అధికారి" కావాలి. ఆ పోస్టు మంజూరు కాలేదు. మంజూరు చెయ్యమని పైకి రాస్తే, "ఇన్నాళ్లూ పిల్లలను ఎవరు లెక్కించుచుండిరో వివరణ ఇవ్వవలెను" అని ఫైలు తిరిగొచ్చింది. పంతుళ్లు లెక్కపెట్టేవారని రాయడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. అది అనధికారిక లెక్క మరి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రోహిణి కొట్టిన లైనులో నిలువు గీత ఒకటుంది. దాన్ని పైపు అంటారట. గీతకు ఎడమవైపు తేలిన సమాధానం నేరుగా కుడివైపు పనికి అందుతుందట.

"నేరుగానా? సంతకం లేకుండానా?" అన్నారు సారు, గుండె పట్టుకుని.

ఆనాటినుంచీ గీత దగ్గర ఆగాలి. ఎడమవైపు సమాధానాన్ని ప్రింటు తియ్యాలి, ప్రతి పేజీ మీద సంతకం, గుండ్రటి ముద్ర. దాన్ని అటెండరు సన్యాసి ట్రేలో పెట్టుకుని రెండో టేబులుకి మోసుకెళ్తాడు. రెండో టేబులువాళ్లు దాన్ని మళ్లీ మొదటినుంచీ టైపు చేసుకుని కుడివైపు పని మొదలుపెడతారు. అరసెకనులో అయ్యే ప్రశ్నకు తొమ్మిది రోజులూ రీమున్నర కాగితమూ పట్టేది. సన్యాసికి మాత్రం ఎక్కడలేని హోదా వచ్చింది. మెళ్లో బిళ్ల వేసుకుని, ఎవరైనా టీ తెమ్మంటే, "టీలూ గీలూ నాను తేన్రా బాబూ, నాను పైపుని" అనేవాడు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. జూలైలో పైనుంచి తాకీదు వచ్చింది: పదిమంది కంటే తక్కువ పిల్లలున్న బడులను మూసి, సమీపంలోని బడిలో విలీనం చేయవలెను. ముందు మా కొండ మండలం ఒకదానిలో అమలు చేసి చూపమన్నారు. అక్కడ ముప్పై ఎనిమిది బడులు.

సారు నల్లతెర ముందు పద్మాసనం వేసినంత పని చేశారు. ఆయన హోదా బడి దాకా. ప్రతి బడిలోనూ "విద్యార్థులు" అని ఒక పెట్టె కనిపిస్తోంది. పెట్టె తెరిస్తే ఐదో లోతు.

"పెట్టెలెన్ని?"

"ఒకటేనండి. కానీ సార్, లోపల..."

"లోపలి సంగతి లోపలి అధికారి చూసుకుంటారమ్మా. సంఖ్య ఒకటి. రాయి."

అలా ముప్పై ఎనిమిది బడుల్లోనూ తలా ఒక్క విద్యార్థి తేలాడు. సారు పొంగిపోయారు. "ఇంత ఏకరూపత రాష్ట్రంలో ఏ మండలానికైనా ఉందా? ఎక్కువతక్కువలే లేవు!" అన్నీ మూసెయ్యాల్సినవే అయినా ఒక్కసారిగా మూస్తే కాగితం చాలదని, అక్షర క్రమంలో మొదలుపెట్టారు. జాబితాలో మొదటి పేరు ఎగువ జీలుగువలస. వచ్చే శుక్రవారం సంతకం, ఆపై సోమవారం మూత. పిల్లలు దిగువ జీలుగువలస బడికి వెళ్లాలి.

బుధవారం పొద్దున్న వరండాలో గోల. చూద్దును కదా, రెండు జీపుల్లో ముప్పై ఒక్కమంది పిల్లలు, వాళ్ల వెనక తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ ఆ బడి టీచరు నిమ్మక జయంతి. జీపు దొరికే రోడ్డు దాకా నాలుగు మైళ్లు వానలో నడిచొచ్చారట. ఆమె తిన్నగా సారు గదిలోకి వెళ్లింది. ఫైలు పట్టుకుని నేనూ వెళ్లాను.

"మా బడిలో ఒక్క పిల్లే ఉన్నాదని రాసీసినారట. ముప్పై ఒక్కమందినీ తెచ్చీసినాను. లెక్కెట్టుకోండి సార్."

"కూర్చోండమ్మా. పిల్లలు భౌతికంగా ఉన్నారు. దాన్ని కార్యాలయం కాదనడం లేదు. అయితే వారు ఐదో లోతులో ఉన్నారు. నాకు నాలుగు వరకే అధికారం."

"ఐదో లోతేటి సార్? వరండాలో ఉన్నారు."

"అది తమ అభిప్రాయం."

ఇంతలో ఓ పిల్ల గుమ్మంలోంచి తొంగి చూసింది. సారు చప్పున ఫైలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పొరపాటున చూసి, పొరపాటున లెక్కపెట్టేస్తే అధికార అతిక్రమణ కదా. ఫైలు వెనకనుంచే, "వల్లభరావ్, నువ్వు చూసి చెప్పు" అన్నారు. నాకు రెండో లోతు వరకే ఉంది సార్, నేను చూస్తే వీళ్లు మండలంలాగే కనపడాలి అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తలూపారు.

జయంతి కూర్చోలేదు. "సార్, దిగువ జీలుగువలస గెడ్డకి ఆవలుంది. వంతెన లేదు. వానలు మొదలైతే నాలుగు నెల్లు ఎవడూ గెడ్డ దాటడు. మొన్న ఆషాఢంలో దూడ కొట్టుకుపోనాది, దాని ఎనకాల దిగినోడు చెట్టుకొమ్మ అట్టుకుని బతికినాడు. పిల్లలు ఆ నాలుగు నెల్లూ ఇంట్లో కూకుంటారు. ఒకపాలి కూకున్నాక మరి లెగరు సార్. మేకల ఎనకాలెళ్లిపోతారు. ఆడపిల్లలైతే మరీనూ. తొమ్మిదేళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఒకొక్కర్నీ బతిమాలి తెచ్చుకున్నాను. మీరు ఒకటి అని రాసీసినారు."

నాకు సిగ్గేసింది. నిజంగా, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది. ఇందాక మండలంలా కనపడాలి అన్నది నేనే కదా. వెధవ తెలివి! రోజూ ఇంటికి మోసుకెళ్లే కోపం ఆ పూట అక్కడే పొంగుకొచ్చింది. కానీ ఇరవై ఆరేళ్ల అలవాటు ఊరికే పోతుందా? అరవడానికి నోరు తెరిస్తే నోట్‌ఫైలు భాషే వచ్చింది.

"సార్, తమరు దిగడానికి వీల్లేదు, నిజమే. పిల్లల్ని పైకి తెస్తే? ఐదో లోతునుంచి నాలుగో లోతుకి పదోన్నతి ఇస్తే?"

ఫైలు మెల్లగా కిందికి దిగింది. సారు కళ్లలో వెలుగు. పదోన్నతి అన్నమాట వింటే మా ఆఫీసులో గోడకున్న ఆగిపోయిన గడియారం కూడా తిరుగుతుంది.

"సీనియారిటీ సమస్యలు వస్తాయేమో?"

"అందరికీ ఒకేసారి ఇచ్చేద్దాం సార్."

"భేష్! అయితే నాలుగో లోతులో బడులు తప్ప మరేవీ ఉండరాదు. కనక ఒక్కొక్క బాలుణ్నీ, ఒక్కొక్క బాలికనూ ఒక్కొక్క పాఠశాలగా నమోదు చేయవలెను. రోహిణీ, ఫారాలు తే!"

నా నోరు పడిపోను, నేననుకున్నది అది కాదు. ఒక్కసారి సారు నోట్లోంచి ఆజ్ఞ వెలువడ్డాక దేవుడు దిగొచ్చినా ఫారం నింపాల్సిందే. మధ్యాహ్నమంతా అదే పని. పిల్లల్ని వరసలో నిలబెట్టి, నేను అడుగుతుంటే రోహిణి నల్లతెర మీద కొట్టింది.

మొదటి బడి ఆరిక సుగుణ, రెండో తరగతి. స్థాపించిన సంవత్సరం అంటే పుట్టిన ఏడాది రాశాం. భవనం సొంతమా, అద్దెదా? సొంతమే. భవన స్థితి? ముందు పళ్లు రెండు ఊడాయి. "ముఖద్వారమున రెండు రాళ్లు లోపించినవి, మరమ్మతు దానంతట అదే జరుగును" అని సారు స్వయంగా చెప్పి రాయించారు. ప్రహరీ గోడ లేదు. ప్రధానోపాధ్యాయులు ఎవరు? ఆ పిల్లే. విద్యార్థుల పెట్టె? ఖాళీ.

రెండో బడికి జలుబు. "పైకప్పు కారుచున్నదా?" అన్న గడి దగ్గర రోహిణి నావైపు చూసింది. కారుతోందని రాయమన్నాను. అబద్ధం రాస్తే తనిఖీలో దొరికిపోతాం. మూడో బడి మరుగుదొడ్డి ఎక్కడని అడిగి, జవాబు వినకుండానే పరిగెత్తింది. ఇలా ముప్పై ఒకటి. జయంతి గోడకానుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"బడి ఉంటాదా బాబూ?" అని నన్నొక్కణ్నీ పక్కకి పిలిచి అడిగింది.

నాకు తెలియదమ్మా అన్నాను. అది నా సర్వీసులో ఒక అర్జీదారుకు చెప్పిన మొదటి నిజమనుకుంటాను.

శుక్రవారం వచ్చింది. జయంతి పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చుంది. సారు జాబితా మళ్లీ తీయించారు. తీసీ తీయగానే కేక.

"వల్లభరావ్! ఒకటి కాదు, సున్నాలు వచ్చాయి! ముప్పై ఒక్క పాఠశాలల్లో ఒక్క విద్యార్థీ లేడు. పెట్టెలు ఖాళీ! ఒకటి కంటే సున్నా తక్కువ. మొట్టమొదట మూయవలసినవి ఇవే!"

జయంతి లేచి నిలబడింది. "ఏటండీ! ముందు బడి మూస్తామన్నారు, ఇప్పుడు పిల్లల్నే మూసీస్తారా?"

"నిబంధన నా చేతిలో లేదమ్మా. సున్నా అంటే సున్నాయే."

ఉన్న కొంపకు నిప్పంటించి, ఆర్పడానికి కిరసనాయిలు తెచ్చినవాణ్ని నేనే. జయంతి మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

"సమీప పాఠశాల ఏదో తియ్యమ్మా, విలీనం రాద్దాం," అన్నారు సారు.

రోహిణి కొట్టింది. అన్ని బడుల దూరాలనూ తక్కువనుంచి ఎక్కువకు పేర్చి, నడుస్తున్నవాటిలో మొదటిది తీయమని అడిగింది. గీతలున్నాయి, పైపులున్నాయి, సన్యాసి ట్రే పట్టుకుని లేచాడు. ఆమె అతని వైపు చూడకుండానే ఎంటర్ నొక్కేసింది. పదకొండేళ్లలో ఆమె చేసిన ఒకే ఒక్క నేరం అది. సారు తెర వైపే చూస్తున్నారు గనక గమనించలేదు.

"ఆరిక సుగుణ పాఠశాలకు సమీప పాఠశాల, ఎగువ జీలుగువలస ప్రాథమిక పాఠశాల," అని చదివింది రోహిణి. గొంతులో ఏ భావమూ లేదు. "దూరం సున్నా కిలోమీటర్లండి."

"సున్నా! తక్కినవాటికి?"

"అన్నిటికీ అదేనండి. సున్నా, సున్నా, సున్నా. ఆ రోజు ఫారంలో చిరునామా గడి దగ్గర, పిల్లలు ఎక్కడుంటారంటే బడిలో ఉంటారని రాశానండి. నిజమే కదండీ."

సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఆనందంతోనని తర్వాత తెలిసింది. "రాష్ట్రంలో ఏ విలీనానికీ ఇంత దగ్గర దూరం లేదు. విద్యార్థి ఒక్క అడుగు వెయ్యనక్కర్లేదు! ఇది ఆదర్శ విలీనం. రాయి వల్లభరావ్: సదరు ముప్పై ఒక్క పాఠశాలలనూ ఎగువ జీలుగువలస నందు విలీనము చేయుట."

"చిత్తం సార్. మరి ఎగువ జీలుగువలస మూతకి కూడా ఈ రోజే సంతకం కదా సార్?"

ఆయన నన్ను జాలిగా చూశారు. డ్రాయరు తీసి, పైనుంచి వచ్చిన తాకీదు వెనక పేజీ తిప్పి, వేలితో చూపిస్తూ చదివారు. "మరియొక పాఠశాలను స్వీకరించిన పాఠశాలను ఎట్టి పరిస్థితులలోను మూయరాదు. చదువుకోవయ్యా! ఒక్క పాఠశాలను స్వీకరిస్తేనే మూయకూడదు. ఇది ముప్పై ఒకటి స్వీకరిస్తోంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవడికి దమ్ముంది?" అని, ఎర్ర సిరాతో జాబితాలో మొదటి పేరు కొట్టేశారు.

జయంతికి ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చేసింది. రోహిణి వెళ్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది. విలీన పత్రాలు తడుస్తాయని సారు వాటిని దూరంగా జరిపారు.

ఆ సాయంత్రానికే కబురు కొండెక్కింది. మిగతా ముప్పై ఏడు బడుల పంతుళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని రావడానికి జీపులు మాట్లాడుకుంటున్నారని తెలిసింది. మండలంలో బడుల సంఖ్య పధ్నాలుగు వందలకు చేరబోతోందని సారు పైకి నివేదిక పంపారు. అభినందన లేఖ వచ్చింది.

ఇక మూత ఆజ్ఞలు అందజేయడం మిగిలింది. మూసిన ప్రతి పాఠశాల ప్రధానోపాధ్యాయుని చేతికీ కాగితం ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఆ పని నాకు పడింది. సోమవారం సన్యాసిని తోడు తీసుకుని కొండెక్కాను. వాన కొంచెం తెరిపిచ్చింది. కింద గెడ్డ ఎర్రగా, ఒడ్డుల మీదికి ఒరుసుకుంటూ పోతోంది. దాని హోరు బడి దాకా వినిపిస్తోంది. అది చూశాక ఇక నాకు నవ్వు రాలేదు.

బడి అంటే ఒకటే గది. పిల్లలు వరసలో నిలబడ్డారు. మొదట వచ్చింది సుగుణ. కాగితం రెండు చేతులతో పట్టుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకే చదివింది. "ఆరిక... సుగుణ... పాఠశాల... మూసివేయ... బడినది." చదివి తలెత్తింది.

"నన్ను మూసీసినారా బాబూ?"

"కాగితం మీదేనమ్మా," అన్నాను.

"మరి నాను రేపు ఎక్కడికెళ్లాల?"

మూడో పేరా చూపించి నేనే చదివాను. ఎగువ జీలుగువలస ప్రాథమిక పాఠశాల, దూరం సున్నా. ఆ పిల్ల ఓసారి నల్లబల్ల వైపు, ఓసారి జయంతి వైపు, ఓసారి తన పలక పెట్టుకున్న చోటు వైపు చూసింది.

"అంటే ఇక్కడికే కదా?"

"ఇక్కడికే."

"గెడ్డ దాటక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

సుగుణ నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నాలుక బయటపెట్టి, గీత దాటకుండా జాగ్రత్తగా సంతకం చేసింది.

"అయితే మూసీండి," అని వెళ్లి తన చోట కూర్చుంది.